నీరటి చెప్పులు

ఇస్తారి అబద్ధమాడటానికే బయలుదేరాడు. అరవై ఏళ్లలో నీళ్ల విషయంలో ఒక్కనాడూ ఆడనిది, బిడ్డ ఇల్లు నిలవాలంటే ఇవాళ ఆడక తప్పదు మరి.

ఇబ్రహీంపట్నం శివారు మొండికుంటకు అతనిదే నీరటి వంశం. తూము విప్పడం, మడిమడికీ నీళ్లు పంచడం వాళ్ల పని. కుంట నిండి పదిహేనేళ్లయింది. ఈలోగా సాగర్ రోడ్డు పొడవునా భూముల ధరలకు రెక్కలొచ్చాయి, ఎండిన కుంటలో కూడా ప్లాట్లు లేచాయి. కూతురు ఈదమ్మ ఒకటి కొన్నది. పిల్లర్లు లేచి స్లాబు పడబోతుండగా నీటిపారుదల శాఖ ఇంజనీరు హేమచంద్ర కూలీలతో, హద్దురాళ్లతో దిగాడు.

"పెద్దాయనా, కుంట నిండితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో చూపించు. అక్కడ రాయి పాతుతాం. రాయికి లోపలే కాదు, బయట ముప్పై అడుగుల దాకా ఏ కట్టడమూ ఉండకూడదు. ఉంటే కూల్చేస్తాం."

అల్లుడు సైదులు చెవిలో గొణిగాడు. "జర కిందికి చూపియ్యి మామా. మా బతుకు నీ చేతుల ఉంది."

ఈదమ్మ పిల్లర్ల మధ్య నిలబడి చూస్తోంది.

ఇస్తారి నడిచాడు. కూతురి పిల్లర్లు దాటాడు, తుమ్మలు దాటాడు, ఇంకా దిగువకు పోయి ఆగాడు. "గిక్కడిదాకనే సారు." ఆ గొంతు తనది కాదనిపించింది.

కూలీలు గడ్డపారలెత్తారు. హేమచంద్ర మాత్రం వెనక్కి చూస్తున్నాడు. "మరి చెప్పులు అంత దూరంలో విడిచొచ్చావేం?"

ఇస్తారి తన కాళ్లకేసి చూసుకున్నాడు. వట్టి కాళ్లు. నీరటి అన్నవాడు చెప్పులతో కుంట తొక్కడు. నీళ్లున్నా లేకున్నా, అంచు రాగానే కాళ్లు వాటంతటవే చెప్పులు విడుస్తాయి. నోటికి అబద్ధం నేర్పుకున్న ముసలాడు కాళ్లకు నేర్పడం మరిచాడు. చెప్పుల జత కూతురి పిల్లర్లకు అవతల, రోడ్డు వైపు పడి ఉంది.

సైదులు పరుగున పోయి వాటిని తెచ్చాడు. "ముసలోడు సారు, మతిమరుపు. తొడుక్కో మామా."

ఇస్తారి కాలెత్తాడు. చెప్పులో పెట్టలేకపోయాడు. ఏ ముసురుకో కుంట నిండితే, ఆ ఇంట్లో పడుకున్న మనవలు కళ్ల ముందు మెదిలారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలుసు. అయినా చించుకున్నాడు.

"నేను చెప్పులిడిసిన కాడ పాతు సారు. నీళ్లు గక్కడిదాక వస్తయి."

రాయి దిగింది. ఈదమ్మ తండ్రి దగ్గరికి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు.

"ఇంటికి ముగ్గు పోసిన నాడు గూడ చెప్పులు గాడనే ఇడిసినవ్ బాపు. ఎందుకని అడిగితే, బిడ్డ ఇల్లు గుడి లెక్క అన్నవ్. ఆనాడే ఎందుకు చెప్పలే?"