వియ్యపురాలి ఉంగరం

ఉప్పు లారీ దిగి బిబాత్పా తన ఇంటివైపు నడిచి వస్తుంటే కంసాలి ఒతెగెన్ గతుక్కుమన్నాడు. ఆమె అతని ఒక్కగానొక్క కూతురు మాక్పాల్‌కు అత్తగారు. మాక్పాల్ జబ్బుచేసి పోయి రెండేళ్లయింది. ఇప్పుడు అల్లుడికి మళ్లీ పెళ్లి కుదిరింది. ఇంక ఈ చుట్టరికం ఎందుకని ఉంగరం తిరిగి ఇచ్చేయడానికే వస్తోందనుకున్నాడు.

కూతుర్ని కడుపులో పెట్టుకుని చూసుకునే అత్తగారికి పుట్టింటివాళ్లు పెట్టే ఉంగరం అది. పైన బిళ్ల ఒకటే, కింద వలయాలు రెండు, రెండు వేళ్లకూ కలిపి తొడుక్కోవాలి. ఒతెగెన్ స్వయంగా వెండితో చేశాడు.

బిబాత్పా తలగుడ్డ కొసన కట్టిన ముడి విప్పింది. ఉంగరానికి ఒక వలయం ఊడి వేలాడుతోంది. అతుకు దగ్గర నల్లటి ముద్ద.

"ఏ మహానుభావుడమ్మా దీన్ని అతికింది?"

"పట్నంలో స్టవ్వులు బాగుచేసేవాడు. వారం తిరక్కుండానే ఊడింది, అన్నయ్యగారూ."

"ఊడక చస్తుందా! సీసం పూశాడు. వెండికి సీసం చీడ. ఇలాగే నిప్పుల్లో పెడితే గుంటలు తినేస్తుంది."

"బాగవుతుందా? లేక మీరూ ముసలైపోయారా?"

ఒతెగెన్‌కు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో.

సీసం ఆనవాలు లేకుండా ఆకురాయితో గీకాడు. తర్వాత అతుకు వేసే టంకం కోసం మూసలో వెండి కరిగించి, ఇత్తడి ముక్క, చిటికెడు వెలిగారం వేశాడు. అడక్కుండానే బిబాత్పా తిత్తి దగ్గర కూర్చుని ఊదసాగింది. తెల్లటి పొగ లేచింది.

"చాలు, చాలు! ఇత్తడి మాడిందంటే టంకం కరగనని మొండికేస్తుంది."

"మాక్పాల్‌కూ ఇలాగే తిట్లు పడేవా?"

"అది నాకు తిట్టే పని పెట్టేది కాదు."

"చివర్లో నన్ను అమ్మా అని పిలిచేదన్నయ్యా" అందామె తిత్తివైపే చూస్తూ.

అతను చల్లారిన టంకాన్ని రేకులా సాగగొట్టాడు. సన్నగా కత్తిరించి, ఇనపతీగతో కట్టిన అతుకుమీద వెలిగారం పూసి పేర్చి, నిప్పుల్లో పెట్టాడు. వెలిగారం పొంగి, అణిగి, గాజులా మెరిసింది. ఉన్నట్టుండి టంకం అతుకు పొడవునా పారింది.

"పెళ్లికి రావాలి" అందామె, చల్లారిన ఉంగరం తొడుక్కుంటూ.

"కొత్త వియ్యంకుల మధ్య నేనేం చేస్తాను తల్లీ?"

"వాళ్లిచ్చే ఉంగరం ఎడమచేతికి. కుడిచేతికి ఇదే. అందుకే బాగుచేయించుకున్నాను."

టీకి పెట్టిన నీళ్లు ఇంకా మరగనే లేదు, లారీ హారన్ మోగింది. టీ తాగకుండానే ఆమె వెళ్లిపోయింది.

పెళ్లిరోజు ఒతెగెన్ మంచి కోటు వేసుకుని రోడ్డుమీదికి వెళ్లాడు. లారీ ఆగింది. "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, నువ్వు పోవయ్యా" అని డ్రైవరును పంపేశాడు.

తిరుగుప్రయాణంలో, పెళ్లి చూసొచ్చిన డ్రైవరు కిటికీలోంచి అరిచాడు. "పెద్దాయనా! మీ వియ్యపురాలు కుడిచేయి అందరి ముఖం ముందూ పెట్టి చూపించింది. కొత్తవాళ్ల మూతులు ఇంత పొడుగయ్యాయి!"

"అలాగా! దిగి టీ తాగి వెళ్లు. ఇంకా ఏమందో చెబుదువుగాని."

"చీకటిపడేలోపు స్టేషన్ చేరాలి పెద్దాయనా."

దుమ్ము అణిగేదాకా ఒతెగెన్ అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.