పక్కసీటు రిపోర్టు

ఫిజిక్స్ మేడమ్ తన పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటుంటే స్టాఫ్‌రూంలో మిగతా పదిహేడు మందీ కంప్యూటర్లలో తలలు దూర్చేశారు. "వెళ్ళొస్తానండీ" అందావిడ. ఒక్కరూ పలకలేదు. పక్కసీటు లెక్కల మేడమ్ కూడా స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు.

ఆ ప్రైవేటు యూనివర్సిటీలో ఒక పద్ధతుంది. ఆర్నెల్లకోసారి ప్రతి లెక్చరరూ పక్కసీటు వాళ్ళ మీద రహస్యంగా రిపోర్టు రాసివ్వాలి. "మనమంతా ఒకే కుటుంబం, దాపరికాలేంటి?" అంటాడు డీన్. ఆయనకు పెదనాన్న అని పేరుంది. పైకి అన్నవాళ్ళు మాత్రం లేరు.

లెక్కల మేడమ్ అంతకుముందు ప్రభుత్వ యూనివర్సిటీలో పనిచేసింది. అక్కడ ప్రొఫెసర్ వస్తుంటే లేచి నిలబడడమే సగం ఉద్యోగం. కానీ ఆయన్ని తిట్టుకోవడానికైనా నలుగురు తోడుండేవాళ్ళు. ఇక్కడ నాలుగేళ్ళలో ఆమె ఎవరింటికీ వెళ్ళలేదు.

ఈసారి ఫిజిక్స్ మేడమ్ మీద రిపోర్టులో 'వాళ్ళమ్మకు బాగాలేదు. పొద్దుటి క్లాసు మారిస్తే ఆవిడకు వీలుగా ఉంటుంది' అని రాసింది లెక్కల మేడమ్. మేలు చేద్దామనే రాసింది. వారం తిరక్కుండా 'పని మీద శ్రద్ధ లేదు' అని ఫిజిక్స్ మేడమ్‌ని పీకేశారు. ఎవరు రాశారో ఆవిడకు తెలియదు.

మళ్ళీ ఆర్నెల్లకు మీటింగులో ఫారాలు పంచారు. ఫిజిక్స్ సీటు ఖాళీ కనుక ఈసారి లెక్కల మేడమ్ వంతుకు కెమిస్ట్రీ మాస్టారు వచ్చాడు. ఆమె లేచింది.

"ఫిజిక్స్ మేడమ్ మీద రాసింది నేనేనండీ."

"మేడమ్, అది కాన్ఫిడెన్షియల్!" అన్నాడు డీన్.

"రాసింది రహస్యం. ఆవిడ ఉద్యోగం మాత్రం అందరి ముందే పోయింది కదండీ?"

"కూర్చోండి. ఇంకో మాటంటే మీదీ పోతుంది."

ఆమె కూర్చోలేదు. తన ఫారం తీసుకెళ్ళి మాస్టారి చేతిలో పెట్టింది. "మీ మీద రాయమన్నారు. మీరే ఉంచుకోండి."

మాస్టారు తల పైకెత్తలేకపోయాడు. "పోయినసారి మీ మీద నేనే రాశానమ్మా. పాఠం మధ్యలో నీళ్ళు తాగుతారని. ఇంకేం దొరకలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో ఏడ్చారు. ఆపైన కుర్చీలు జరిగాయి. ఎవరి మీద రాయాలో వాళ్ళ చేతికే ఫారాలు చేరాయి. డీన్ బల్ల మీదికి ఒక్కటీ రాలేదు.

"లెక్కల మేడమ్, మిమ్మల్ని ఈ క్షణం నుంచి తీసేశాం!"

"అయితే ఆ ఆర్డరులో మా పేర్లూ వేయించండి," అన్నాడు మాస్టారు. "రేపట్నుంచి గేటు ముందు కూర్చుంటాం. ఫిజిక్స్ మేడమ్‌ని మళ్ళీ తీసుకునేదాకా లేవం."

ఆ సాయంత్రం పదిహేడు మందీ ఫిజిక్స్ మేడమ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. అడ్రసు ఒక్కరికీ తెలియదు మరి. లెక్కల మేడమ్ తలుపు కొట్టి, జరిగిందంతా, రేపు గేటు ముందు కూర్చునే సంగతీ దాచకుండా చెప్పింది.

ఫిజిక్స్ మేడమ్ ఆమె మొహం చూడలేదు. లోపలికి రమ్మనలేదు. తలుపు మాత్రం మూయలేదు.

"రేపు ఎన్నింటికి?" అని అడిగింది.