నిండా పెట్టిన చార్జింగు

భాకరాపేట ఘాటు ఎక్కేటప్పుడు మహిత నోరు విప్పదు. తిరుపతిలో బయలుదేరినప్పుడు నూట నలభై కిలోమీటర్లని ధీమాగా చూపించిన కారు, రంగంపేట దాటి కొండ ఎక్కడం మొదలుపెట్టగానే గబగబా కిందికి లెక్కపెడుతుంది. ఆ అంకెతో పాటు ఆమె గుండె కూడా జారిపోతూ ఉంటుంది. అదే దిగేటప్పుడు చూడాలి ఆమె సంబరం! యాక్సిలరేటరు మీంచి కాలు పైకి తీస్తే చాలు, వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకున్నట్టు కారు నెమ్మదిస్తుంది. మీటరులో ఆకుపచ్చ గీత వెలుగుతుంది. ఖర్చయిపోయిందనుకున్న చార్జింగు కొంచెం కొంచెంగా తిరిగి వస్తుంది. "రూపేష్, ఇంకో కిలోమీటరు పెరిగింది!" అని మలుపు మలుపుకీ అరుస్తుంది. పెళ్ళయి ఇన్ని నెలలైనా ఆ ముచ్చట తీరలేదు.

నలుగురు ఎక్కితే మోకాళ్ళు గడ్డానికి తగిలే ఆ చిన్న కరెంటు కారును మొగుడూ పెళ్ళామూ ఇష్టపడి కొనుక్కున్నారు. మహిత డ్రైవింగు నేర్చుకున్నది అందులోనే. వేరే బండి స్టీరింగు ఆమె ఎన్నడూ పట్టలేదు.

మామ గంగాధరానికి మాత్రం ఆ కారంటే గిట్టదు. భాకరాపేటలో ఆయన ఇంటి ముందు అది ఆగినప్పుడల్లా "బొమ్మ వచ్చినాది" అంటాడు. అత్త చంద్రకాంతమ్మకు కంటి ఆపరేషనై, మళ్ళీ చూపించుకోవడానికి తిరుపతి పోవాల్సిన రోజు వచ్చింది. రూపేష్‌కు రేణిగుంట ఫ్యాక్టరీలో డ్యూటీ. తీసుకుపోతానని మహిత ముందురోజు సాయంత్రమే ఒక్కతే ఘాటు ఎక్కి వచ్చింది.

"బస్సులో పోండి. ఆ బొమ్మను నమ్ముకోని ఘాటు దిగొద్దు" అన్నాడు గంగాధరం.

"నువ్వు గమ్మునుండయ్యా. కోడలు నడపతా ఉంటే పక్కన కూర్చోవాలని నాకు ఆశగా ఉండాది."

"నీ ఇష్టం. ఏమన్నా అయిందా, ఆ కారు మళ్ళీ ఈ ఘాటు ఎక్కేది లేదు. నేనే అమ్మించేస్తా." ఆయన నవ్వకుండానే అన్నాడు. ఆ మాట మహితకు రాత్రంతా గుచ్చుకుంది.

పడుకోబోయే ముందు చార్జింగు ఎనభై శాతం కాగానే ఆమె వైరు పీకేసింది. ఎనభైకి ఆపేయమని రూపేష్ ఎప్పుడూ చెబుతాడు. బ్యాటరీకి మంచిదంటాడు, అంతకు మించి ఆమె అడగలేదు. తెల్లారి చూస్తే వైరు మళ్ళీ పెట్టి ఉంది. మీటరులో నిండుగా నూరు! అత్త పనే అనుకుని మురిసిపోయింది. ఆ ఇంట్లో ఎవరినీ సగం కడుపుతో పంపరు మరి. ఆ పొద్దున ఆమెకు మూడు దోసెలు చాలంటే అయిదు వేశారు. కారుకూ అదే మర్యాద. ఆ నూరును ఫోటో తీసి, పక్కన ఒక ఎర్ర గుండె పెట్టి రూపేష్‌కు పంపింది. డ్యూటీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి కాబట్టి అతను చూడడని తెలిసి కూడా పంపింది.

ఊరు దాటేదాకా కారు ఎంతో తేలిగ్గా పోయింది. కాలు తీసినా పరుగు తగ్గలేదు. నిండా చార్జింగుంటే ఎంత హుషారో అనుకుంది.

ఘాటు మొదలైంది. మొదటి మలుపు ముందు అలవాటుగా కాలు పైకి తీసింది. కారు ఆగలేదు. ఆకుపచ్చ గీత వెలగలేదు. పల్లంలో జారే చక్రంలా వేగం పెరిగింది. గబుక్కున బ్రేకు తొక్కింది. తగ్గింది. బ్రేకు వదిలితే మళ్ళీ పరుగు. ఇక వదలకుండా తొక్కి పట్టుకునే దిగసాగింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క చెట్ల తలలు కిందెక్కడో. ఎదురుగా పాల వ్యాను హారన్ కొడుతూ పైకి వస్తోంది. ఇంకో మలుపు తిరిగేసరికి బ్రేకు ఇందాకటి కన్నా లోతుకు దిగినట్టు అనిపించింది.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పక్కన కూర్చున్న చంద్రకాంతమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఏందే ఇది, కమురు వాసన?"

మహిత ఫారెస్టోళ్ళ బోర్డు దగ్గర రోడ్డు వెడల్పుగా ఉన్న చోట కారును పక్కకు లాగి, రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు పైకెత్తింది. "దిగండత్తా. దిగి దూరంగా రండి."

ముందు చక్రాల దగ్గర సన్నగా పొగ.

చంద్రకాంతమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బోర్డు కింద చతికిలబడింది. "జయచంద్ర జీపు దగ్గర కూడా ఇదే వాసన" అంది.

జయచంద్ర ఎవరో మహితకు తెలుసు. గోడ మీద ఫోటోలో నవ్వుతూ ఉండే మామ తమ్ముడు. టమాటా పెట్టెలతో ఘాటు దిగుతూ చనిపోయాడని మాత్రమే విన్నది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

రూపేష్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని కారు వైపు చూసింది. ఎప్పుడూ దిగేటప్పుడు పట్టుకునేది ఈ పొద్దు ఎందుకు పట్టుకోలేదు? ఆకుపచ్చ గీత వెలిగితే చార్జింగు లోపలికి పోతుంది. ఎక్కడికి పోతుంది? బ్యాటరీలోకి. బ్యాటరీలో చోటేదీ?

"అత్తా, పొద్దున నాకు అయిదో దోసె వేసినారే..."

"తింటివా నువ్వు? ప్లేట్లోనే వదిలేస్తివి."

"పట్టలేదు కదా. దీనికీ అంతే. దిగేటప్పుడు ఇది కొంచెం కొంచెం తింటానే మనల్ని పట్టుకుంటాది. ఈ పొద్దు కడుపు నిండిపోయి నోరు మూసుకున్నాది."

చంద్రకాంతమ్మ కారు వైపు తల తిప్పింది. "అయితే అరగాల."

"అరగాల."

"అరగాలంటే నడిపించాల."

ఇద్దరూ దిగివచ్చిన రోడ్డు వైపు, పైకి చూశారు. దిగడానికి దారి మళ్ళీ ఎక్కడమే.

"అంత తెలిసినదానివి నిండా ఎందుకు పెట్టినావే?"

"నేనెక్కడ పెట్టినాను? మీరే కదా పెట్టింది!"

"నేనా? ఆ వైరు చూస్తేనే నాకు ఒళ్ళు జలదరిస్తాది."

ఇంట్లో ఇంకొక మనిషే ఉన్నాడు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. చంద్రకాంతమ్మ మహిత మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆయనకు చెప్పొద్దు మహితా. ఆ పొద్దు జీపులో ఇంకో రెండు పెట్టెలు ఎక్కించింది ఆయనే. చాలన్నా అని జయచంద్ర అంటానే ఉన్నాడు. ఈయన ఇంటేనా! బరువుకు బ్రేకులు కాలి జీపు ఆగలా. నేనే ఎక్కువ పెట్టి పంపినాను, నేనే పెట్టి పంపినాను అని ఎన్నేండ్లు గోడకు తల కొట్టుకున్నాడో నాకు తెలుసు. ఇప్పుడు ఇది తెలిసిందంటే మనిషి మిగలడు."

చెప్పకపోతే ఏమవుతుందని ఆలోచించింది మహిత. వచ్చే వారం రూపేష్ వస్తాడు. మామ ప్రేమగా మళ్ళీ తెల్లారే లేచి వైరు పెడతాడు.

చక్రాలు చల్లబడ్డాక, అత్తను ఎక్కించుకుని కారును పైకి తిప్పింది. ఏసీ పూర్తిగా పెట్టింది. చార్జింగు దండగని ఎప్పుడూ ఏసీ ఆపించే చంద్రకాంతమ్మ, కొంగు తల చుట్టూ చుట్టుకుని వణికింది. "బతికుండగానే నన్ను ఐసులో పెడతాండావు కదే!"

"ఓర్చుకోండత్తా. అదిగో, ఇంకొకటి పోయింది!" అంకె పడుతుంటే సంతోషపడటం మహితకు అదే మొదటిసారి. ఊరి దాకా ఎక్కి, అక్కడే అటూ ఇటూ తిప్పి, తొంభై కిందికి వచ్చాక మళ్ళీ ఘాటు వైపు మళ్ళింది.

మొదటి మలుపు. కాలు తీసింది. గడ్డిపోచంత ఆకుపచ్చ గీత వెలిగింది. కొంగు పట్టుకున్నట్టు కారు నెమ్మదించింది. మహిత అరవలేదు. ఎద్దుల బండి కన్నా నిదానంగా, వెనక లారీలు హారన్లు కొడుతున్నా పట్టించుకోకుండా, ఒక్కొక్క మలుపే దిగింది.

కింద టెంకాయ నీళ్ళమ్మే చోట ఆపింది. ఫోన్ మోగింది. మామ.

"చేరినారా? చార్జింగు చాలిందా? తెల్లారే లేచి నేనే పెట్టినా. యాడన్నా మధ్యలో ఆగిపోతాదేమో అని. కారు... బాగా వస్తాందా?"

బొమ్మ అనలేదు. కారు అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎన్నాళ్ళు ఎదురుచూసిందని! పక్క నుంచి చంద్రకాంతమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

"మామా, మేమిద్దరం బాగుండాము. కిందికి వచ్చేసినాము" అని ముందు అది చెప్పింది. తర్వాత అసలు మాట. "ఇంకెప్పుడూ ఎనభైకి మించి పెట్టొద్దు మామా. నిండుగా ఉంటే దిగేటప్పుడు అది పట్టుకోదు. నాకూ తెలీదు. ఈ పొద్దే తెలిసింది."

అవతల గంగాధరం కుర్చీలోంచి లేచిన చప్పుడు.

"కమురు వాసన వచ్చిందా?"

అబద్ధం నాలుక దాకా వచ్చింది. "వచ్చింది మామా."

చంద్రకాంతమ్మ చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. "ఏమయ్యా. ఉండావా? పిల్ల తెలివిగా ఆపేసింది. మళ్ళీ ఊరి దాకా ఎక్కించి, అరిగించి, మెల్లగా దించింది. ఈసారి ఆపినారు, ఇన్యావా? ఆపినారు."

"ఆడనే ఉండండి" అన్నాడు గంగాధరం. "కదలొద్దు. నేను బస్సుకు వస్తాండా."

కారు అమ్మించేస్తాడో లేదో ఆయన చెప్పలేదు. మహిత అడగలేదు. తాళం చెవి పిడికిట్లో పెట్టుకుని, అత్త పక్కన నిలబడి, బస్సు వచ్చే మలుపు వైపు చూస్తూ ఉండిపోయింది.