వాలని గీత

కళ్లద్దాల షాపు కట్టేసి మేడెక్కగానే ఆయన చెప్పులైనా విప్పకుండా రేడియో ముందు కూర్చున్నాడు. కొండ మీద మంచు తుఫాను మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. ఆ కొండకొమ్మున వాతావరణ కేంద్రంలో ఆయన తమ్ముడు ఒంటరిగా ఉన్నాడు. పని చేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తాడని అందరూ అతణ్ణి తుమ్మెద అంటారు. పైకి ఫోన్లు పనిచేయడం లేదు. మిగిలిందల్లా చిన్నప్పటి నుంచీ అన్నదమ్ములిద్దరికీ ఉన్న, ఇంట్లోంచే గాలిలో సందేశాలు పంపుకునే హామ్ రేడియో పిచ్చి ఒక్కటే.

వాళ్లు గొంతుతో మాట్లాడుకోరు. తుమ్మెద అక్కడ టైపు చేస్తే అది సన్నని ఈలగా మారి గాలిలో వస్తుంది. ఇక్కడి కంప్యూటర్ ఆ ఈలను మళ్లీ అక్షరాలు చేస్తుంది. ఒక్కొక్కరి ఈల తెర మీద ఒక్కో గీతలా, పైనుంచి కిందికి జారుతూ కనిపిస్తుంది. రిసీవర్ ఫిల్టర్ వెడల్పుగా తెరిస్తే గీతలన్నీ పక్కపక్కనే కనబడతాయి. బిగిస్తే మధ్యలో ఉన్నది మిగిలి, అటూ ఇటూ చీకటే.

తుఫాను గరగరలు భరించలేక ఆయన ఫిల్టర్ బిగించేసి ఉంచాడు. మధ్యలో తెల్లటి గీత, గీసినట్టు నిటారుగా దిగుతోంది. కింద తమ్ముడి స్టేషన్ పేరు, ఆ వెనకే మాటలు.

'అన్నయ్యా, నేను బాగున్నాను. ఎవరూ రావద్దు.'

నిన్నా అదే మాట. మొన్నా అదే.

మంచులో చిక్కుకున్నవాళ్లను కాపాడే కొండ దళం నాయకుడు ఫోన్ చేశాడు. దారంతా మంచు పగుళ్లేననీ, మనుషుల్ని పంపడమంటే ప్రాణాలతో చెలగాటమేననీ చెప్పాడు. మీ తమ్ముడు క్షేమమంటే ఆగిపోతాం, కాదంటే తెల్లవారగానే బయల్దేరతాం, ఏదో ఒకటి తేల్చమన్నాడు. కాసేపట్లో చెబుతానని ఆయన పెట్టేశాడు.

భార్య టీ తెచ్చి, ఆయన భుజం మీదుగా తెర చదివింది.

"మీ తమ్ముడేనా ఇది?"

"పేరు కనిపించడం లేదూ?"

"పేరుకేముందండీ. పెళ్లిలో కూడా పీట కిర్రుమంటోందని సణిగిన మనిషి. మూడు రోజులుగా బాగున్నాను, బాగున్నాను అంటున్నాడంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఆ గీత వంకే చూస్తుండిపోయాడు. టీ చల్లారిపోయింది.

తుమ్మెద ట్రాన్స్‌మిటర్ సొంతంగా అతికించుకున్నది. చలికి దాని ఈల నిలకడగా ఉండదు. గీత తాగొచ్చినవాడి నడకలా ఎడమకు వాలిపోతుంటుంది. అందుకే అన్నదమ్ముల మధ్య ఒక ఒప్పందం ఉంది: తమ్ముడి కోసం వినేటప్పుడు అన్న ముందు ఫిల్టర్ బార్లా తెరిచి వెతకాలి, దొరికాకే బిగించాలి. ఈసారి ఎదురుగా అంత చక్కటి గీత కనిపిస్తుంటే వెతకడం దేనికనుకున్నాడు. మూడు రోజులుగా అది వెంట్రుకవాసి కూడా వాలలేదు.

ఫిల్టర్ పూర్తిగా తెరిచాడు. గరగరలతో తెర నిండిపోయింది. ఎడమ అంచున, ఇంకాస్త ఉంటే తెర దాటిపోయేంత దూరంలో, సాలెపోగులాంటి గీత ఒకటి వాలుతూ వణుకుతోంది. కానీ అక్షరాలు రావడం లేదు. మధ్యలో ఉన్న బలమైన గీత రిసీవర్‌నే అణగదొక్కేస్తోంది, గట్టిగా అరిచేవాడి పక్కన గుసగుస వినపడనట్టు. ఆయన ఇరుకు ఫిల్టర్‌ను ఎడమకు జరిపి సాలెపోగు మీద బిగించాడు. తెల్లగీత చీకట్లో కలిసింది. ఒక్కొక్క అక్షరమే రాలింది.

'...చెవుల్లో సీసం పోసుకున్నావా అన్నయ్యా... కాలు విరిగింది... బ్యాటరీ అయిపోతోంది... తలుపు బయట ఎవరో ఉన్నారు...'

"వీడేనండీ," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "ఈ సణుగుడు మరెవరిదీ కాదు."

తెల్లవారగానే కొండ దళం బయల్దేరింది. తుమ్మెదను స్ట్రెచర్ మీద ప్రాణాలతో దింపారు.

ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చిన రోజే తుమ్మెద రేడియో గదిలోకి మోయించుకున్నాడు. మెట్లు ఎత్తుగా ఉన్నాయని సణిగాడు, దిండు గట్టిగా ఉందని సణిగాడు. వదిన మురిసిపోతూ వంటింట్లోకి దిగింది. సాయంత్రపు వెలుగు ఇంకా పోలేదు. అన్న రిసీవర్ ఆన్ చేసి, బాగున్నానని పంపింది నువ్వు కాదు కదా అని మెల్లగా అడిగాడు.

తుమ్మెద తల అడ్డంగా ఊపాడు.

"నాకూ వచ్చింది అన్నయ్యా. నీ పేరుతో. గీత ఎంత నిటారుగా ఉందో. 'వచ్చేశాం తమ్ముడూ, తలుపు తీసి బయటికి రా' అని. నువ్వే అనుకుని పరిగెత్తాను. మంచులో ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. వెనక్కి తిరగబోయి జారిపడ్డాను. పాక్కుంటూ లోపలికొచ్చి గడియ పెట్టుకున్నాను. ఆ తర్వాత తలుపు కొట్టడం మొదలైంది."

అన్న బదులు చెప్పబోతుండగా తెర మధ్యలో తెల్లగా ఒక గీత దిగడం మొదలైంది. గీసినట్టు, నిటారుగా.

ఆయన ఫిల్టర్‌ను కుడి చివరికి జరిపి బిగించాడు. మిగతా గీతలన్నీ ఆరిపోయాయి. అదొక్కటీ చీకట్లో అలాగే ఉంది. రిసీవర్ వెనక యాంటెన్నా తీగ పీకేశాడు. గరగర ఆగిపోయింది. గీత ఆగలేదు. ఫిల్టర్ ఆపలేనిది, తీగ లేకుండానే వస్తున్నది దూరం నుంచి వచ్చేది కాదని ఇద్దరికీ తెలుసు. తుమ్మెద అన్న చెయ్యి పట్టుకున్నాడు.

'వచ్చేశాను. తలుపు తియ్యి.'

కింద వీధి తలుపు తట్టిన చప్పుడైంది, దాని వెనకే బయటి నుంచి సన్నని కూనిరాగం. వంటింట్లోంచి ఆవిడ అడుగులు అటు నడిచి, సగంలో ఆగాయి. మెట్ల కింది నుంచి ఆవిడ గొంతు వచ్చింది, బాగా తగ్గించి.

"ఏమండీ... మరిది మీ దగ్గరే ఉన్నాడా?"