పైగది మీద అభ్యంతరం

ఉతికిన దుప్పట్లు ఆరేయడానికి డాబా ఎక్కిన పెద్దకోడలికి తీగలు కనిపించలేదు. ఎవరో విప్పేసి ఓ మూల చుట్టబెట్టారు. మేస్త్రి టేపు పట్టుకుని కొలతలు తీస్తున్నాడు. కిటికీ ఎటు పెడితే గాలి బాగా వస్తుందో తోడికోడలు చేతులు చాపి చూపిస్తోంది. కింద నుంచి అత్తగారు కేకేసింది, చిన్నకోడలికి గాలాడకపోతే ఊపిరందదు, రెండో కిటికీ కూడా పెట్టమని. తడి దుప్పట్లు మోస్తూ నిలబడ్డ పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె కాపురమంతా హాల్లో బీరువా వెనకే. బీరువాకి అటువైపు మామగారి దగ్గు, ఇటువైపు ఆమె మంచం. లా పరీక్షకి చదివింది వంటింటి గట్టు మీద, అంట్లు తోమిన తడి ఆరకముందే. ఒకే ఒక్కసారి నోరు తెరిచి, మాకూ ఒక గది ఉంటే బాగుంటుందని అంటే, "నువ్వు సర్దుకుపోయే మనిషివమ్మా" అంది అత్తగారు. ఆ మాటని మెచ్చుకోలు అనుకుని మురిసిపోయింది, పిచ్చిది. నిన్నగాక మొన్న వచ్చిన చిన్నకోడలు తిన్న కంచం కూడా తీయదు. దానికి సర్దుకుపోవడం చేతకాదట. అందుకని తలుపు, గడియ, రెండు కిటికీలతో గది.

ఈ పెద్దకోడలే ఆఫీసులో లా మేడమ్. ప్రాంతీయ విమానాశ్రయ ప్రాధికార సంస్థలో కూర్చుంటుంది. రన్‌వే చుట్టుపక్కల ఏ గోడ లేవాలన్నా ఆ సంస్థ ఒప్పుకోవాలి. విమానం దారికి అడ్డొచ్చే చెట్టు కొట్టించే అధికారం, సెల్ టవర్ దించే అధికారం దానికి ఉంది. అధికారం వెనకే బాధ్యతలూ ఉన్నాయి. ఎవరికి నష్టమో వాళ్లని ముందు పిలిచి వినాలి. సరిదిద్దుకునే వీలుంటే అది చెప్పకుండా తోసిపుచ్చకూడదు. తనకి సంబంధమున్న విషయాన్ని ఏ అధికారీ తేల్చకూడదు. తన భార్య సంతకం లేనిదే ఈ వీధిలో ఇటుక మీద ఇటుక నిలవదని భర్త ఇరుగుపొరుగు దగ్గర గొప్పలు పోతాడు. ఇంట్లో ఏ కూర వండాలో కూడా ఆమె చేతిలో లేదన్న సంగతి మాత్రం చెప్పడు.

పైగది కోసం మామగారు పెట్టిన దరఖాస్తు ఆమె బల్ల మీదికే వచ్చింది. "నువ్వక్కడ ఉన్నందుకు ఇంటికి ఇన్నాళ్లకి ఒక ఉపయోగం" అన్నాడు భర్త. ఆ ఫైలు తను ముట్టుకోకూడదని ఆమెకి మొదటి క్షణం నుంచీ తెలుసు. తెలిసే దగ్గర పెట్టుకుంది.

కొలతలు చూసింది. గది ఎత్తు సరిగ్గానే ఉంది. ప్లానులో గది నెత్తిన చూపించిన నీళ్ల ట్యాంకు మాత్రం ఎత్తు హద్దు దాటింది. ట్యాంకు పక్కకి దించితే చాలు. ఆ ముక్క రాయకుండా, ఎత్తు ఎక్కువైనందున తిరస్కరించడమైనది అని రాసింది. రాశాక రెండుసార్లు చదువుకుంది. ఎంత హాయిగా ఉందో. తోడికోడలు కూడా కిందే ఏదో ఒక బీరువా వెనక సర్దుకోవడం కళ్లకి కట్టింది. టీ తెచ్చిన అటెండరు, మేడమ్‌కి ప్రమోషన్ వచ్చినట్టుందే అన్నాడు. అప్పుడు తెలిసింది ఆమెకి, తను నవ్వుతోందని. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సంతకం పెట్టబోతున్న కలం మూసేసి ఫైలు తీసుకుని డైరెక్టరు గదికి వెళ్లింది.

మామగారి ఇల్లు, నేను చూడకూడదు అని చెప్పింది. డైరెక్టరు తేలిగ్గా తీసుకున్నాడు. ఇంత చిన్న ఊళ్లో ఎవరికి ఎవరు చుట్టం కాదు? ఆ ఇంట్లో ఆమెకి వాటా ఉందా, ఆ గదిలో ఉండబోయేది ఆమేనా అని అడిగాడు. లేదు, కాదు అని చెప్పింది.

"మరి మీకేంటి మేడమ్ సంబంధం?"

"కుళ్లు సార్" అంది. "ఆ గది లేవకపోతే నాకు సంతోషం. కాదని రాసేశాను కూడా."

ఆయన ఫైలు అందుకుని పక్క సెక్షన్‌కి పంపించాడు. బయటికి వచ్చాక ఆమెకి గుండె తేలికపడింది గానీ కుళ్లు ఇసుమంత కూడా తగ్గలేదు. తగ్గాలని ఆమె అనుకోనూ లేదు.

పక్క సెక్షన్ ఆఫీసరు ట్యాంకు దించమని చెప్పి అనుమతి ఇచ్చేశాడు. ఆ రోజు భోజనాల దగ్గర అదే మాట. ఇంటి మనిషి ఉండగా బయటివాడి చేత సంతకం పెట్టించుకున్నామని అత్తగారు దెప్పింది. పెద్దకోడలు ఎప్పటిలాగే నిలబడి వడ్డిస్తోంది.

"పరువు తీశావు" అన్నాడు భర్త. "ఒక్క సంతకం పెడితే నీకేం పోయేది?"

"నా గది పోయేది."

"నీ గదేంటి?" అంది అత్తగారు.

"ఎవరి పెరట్లో చెట్టు కొట్టాలన్నా మేం ముందు వాళ్లని పిలిచి అడుగుతాం అత్తయ్యా. ఈ ఇంట్లో నన్నెవరూ అడగలేదు. అందుకని నేనే చెబుతున్నాను. పైగది నాకు కావాలి."

తోడికోడలి ముఖం మాడిపోయింది. తన సొత్తు పక్కవాళ్లకి పోతుంటే ముఖం ఎలా అవుతుందో పెద్దకోడలికి ఎవరూ చెప్పక్కర్లేదు. జాలి వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"సర్లే, తర్వాత చూద్దాం. ముందు నీళ్లు పట్రా" అన్నాడు భర్త.

ఆమె చేతిలో గరిటె గిన్నెలో పడేసి, కుర్చీ లాక్కుని వాళ్ల మధ్య కూర్చుంది.

"ఇప్పుడే చూద్దాం" అంది. "ఎవరికి అభ్యంతరమో చెప్పండి. వింటాను."