ముగ్గురూ కత్తివీరులే

మూడో మంచం దగ్గర యంత్రానికి గొట్టాలు బిగించి, సెలైన్ ఎక్కించి, బుడగలు పోయాయా లేదా అని బుడగలాయన మూడోసారి కూడా వేలితో తట్టి చూశాడు. రక్తంలోకి గాలి వెళితే ప్రమాదమే, కాదనలేం. కానీ డయాలసిస్ గదిలో మిగతా టెక్నీషియన్లు ఒకసారి చూసి వదిలేసేదాన్ని ఆయన మూడుసార్లు చూస్తాడు. అందుకే ఆ పేరు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన చేతి కింద ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆ సంగతి చెప్పుకోవాలని ఆయనకి తోచలేదు, అడగాలని ఇంకెవరికీ తోచలేదు.

ఈ గురువారం పొద్దున మాత్రం ఆయన బెంగ బుడగల గురించి కాదు. గుహలో వంతెన దగ్గర కాపలాకి రాక్షసులు ఇద్దరుండాలా, ఒక్కడు చాలా అని.

అదొక ఆట. అక్క కూతురి పుట్టినరోజుకి కొన్న పెట్టె. ఆ పిల్ల మూత తీసి, లోపలున్న లావుపాటి పుస్తకం చూసి, "ఇది చదవాల్సిన ఆటా మామయ్యా?" అని మళ్లీ మూత పెట్టేసింది. అక్క ఇంట్లోనే పైగదిలో ఉంటాడాయన. పెళ్లి సంబంధాల్ని కూడా బుడగల్లాగే తట్టి తట్టి చూస్తూ యాభై దాటించాడని బావ వేళాకోళం. ఆ పుస్తకాన్ని బస్సులో రానూ పోనూ చదివి, చివరికి పెట్టెని ఆస్పత్రికి పట్టుకొచ్చాడు. నాలుగు గంటలసేపు ఒక చెయ్యి కదపకుండా పడుకునేవాళ్లకి రెండో చెయ్యి ఖాళీయే కదా. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులై తిరుగుతారు. గండం వచ్చినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఒక్కో మనిషికీ ఒక కాగితం, దాని మీద వాడి వృత్తి, ప్రాణానికి పన్నెండు గీతలు. దెబ్బ తగిలినప్పుడల్లా గీతలు కొట్టేసుకోవాలి.

ప్రతి జట్టులోనూ గాయాలు మాన్పే వైద్యుడు ఒకడుండాలని పుస్తకం మొదటి పేజీలోనే రాశారు. ఈ జట్టులో ముగ్గురూ కత్తివీరులే.

"వారానికి మూడురోజులు ఇక్కడ పడి ఉంటున్నాం. ఆటలో కూడా మందులూ మాకులేనా?" అంది మొదటి మంచం మీది లెక్కల టీచరమ్మ. రెండో మంచం మీది లారీ డ్రైవరు, "నాకైతే సూది కనపడని ఊళ్లోనే పని," అన్నాడు. దాంతో గుహలోకి వెళ్లినప్పుడల్లా ఎవడో ఒకడు చచ్చేవాడు. వాళ్లిద్దరూ నవ్వుకుని తర్వాతి ఆటకి కొత్తవాణ్ణి రాసుకునేవారు. మూడో మంచం మీది పోస్టుమ్యాన్ నవ్వేవాడు కాదు.

ఆయనకి అరవై తొమ్మిదేళ్లు. ఆట మొదలవకముందు వరసగా రెండుసార్లు రాకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, అంబులెన్సులో తీసుకొచ్చారు. ఆట మొదలైన ఈ నాలుగు నెలల్లో ఒక్కరోజూ మానలేదు. అలాంటి మనిషి మంగళవారం వెళుతూ వెళుతూ, "ఈసారి నా వాడు పోతే నేనిక రాను తమ్ముడూ. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టే ఓపిక లేదు," అన్నాడు. ఆటకి రానంటున్నాడా, ఇక్కడికే రానంటున్నాడా అని అడిగే ధైర్యం బుడగలాయనకి లేకపోయింది. అప్పటినుంచీ ఆయన కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ముగ్గురి బరువులూ తూచాడు, సూదులు గుచ్చాడు, బీపీలు రాసుకున్నాడు. తర్వాత స్టూలు లాక్కుని మంచాల మధ్య కూర్చుని కథ ఎత్తుకున్నాడు. రెండురోజులు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం పన్నాడు. గుహ మలుపులో ఒక ముసలి సన్యాసి ఎదురవుతాడు. సంచిలో మూలికలుంటాయి. మీతో వస్తానంటాడు. ఇక వైద్యుడు లేడన్న బెంగ తీరిపోతుంది.

"ఎందుకొస్తాడట?" అంది టీచరమ్మ అనుమానంగా.

"మీకు సాయం చెయ్యడానికండీ."

"ఊరికే సాయం చేసేవాడు నాకు లెక్కలో తేడాగా కనిపిస్తాడు."

"సంచిలో సూదులున్నాయేమో చూడండి ముందు," అన్నాడు డ్రైవరు. చూడటం కాదు, పాచిక వేసి సంచి లాగేసుకున్నాడు. మూలికలు గుహలో పారే ఏటిలో పారబోశాడు. సన్యాసి ఏడుస్తూ వెళ్లిపోయాడు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, రెండురోజుల కష్టం రెండు నిమిషాల్లో ఏటిపాలైంది. బుడగలాయన లేచి, మోగని యంత్రం దగ్గరికి వెళ్లి, తట్టి చూసి వచ్చాడు.

వంతెన దగ్గర రాక్షసుణ్ణి ఒక్కణ్ణే పెట్టాడు. ఆ ఒక్కడే ముగ్గురినీ చావగొట్టాడు. డ్రైవరు వీరుడు స్పృహతప్పి పడిపోయాడు. టీచరమ్మ వీరుడి కత్తి విరిగింది. పోస్టుమ్యాన్ వీరుడు ఒక్కడే వంతెన మీద మిగిలాడు, రెండు గీతల ప్రాణంతో.

"పారిపోవచ్చండీ," అన్నాడు బుడగలాయన. అలా చెప్పకూడదు. కథ చెప్పేవాడు దారులు చూపించకూడదని పుస్తకంలో ఉంది.

"వీళ్లని వదిలేసి ఎక్కడికి?" అన్నాడు పోస్టుమ్యాన్.

ఇక రాక్షసుడి వంతు. పదికి మించి పడితే దెబ్బ తగిలినట్టే, ఆ దెబ్బకి రెండు గీతలూ పోతాయి. బుడగలాయన స్టీలు ట్రేలో పాచిక వేశాడు. అది గలగలా దొర్లి, దూది డబ్బాకి తగిలి ఆగింది. పద్దెనిమిది. ఆయన అరచేయి దాని మీద పడింది.

"ఏడు. తప్పింది," అన్నాడు.

తర్వాతి వంతులో టీచరమ్మ విరిగిన కత్తితోనే రాక్షసుణ్ణి పొడిచి ఏట్లోకి తోసింది. డ్రైవరు ఖాళీ చేత్తో మంచం కమ్మీ మీద దరువేశాడు. పక్క గదిలోంచి నర్సు వచ్చి ఏమైందని అడిగి, నవ్వుతూ వెళ్లింది. బుడగలాయన కూడా నవ్వాడు కానీ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పదకొండింటికి పోస్టుమ్యాన్ చేతికి సూదులు తీసి, దూది పెట్టి నొక్కిపట్టాడు. పది నిమిషాలు అలా పట్టుకోవాలి. మిగిలిన ఇద్దరూ కళ్లు మూసుకుని ఉన్నారు.

"ఎంత పడింది తమ్ముడూ?"

"ఏడండీ."

"ముప్పై ఎనిమిదేళ్లు ఉత్తరాలు పంచాను. కవరు చింపకముందే మొహం చూసి చెప్పేవాణ్ణి, లోపల ఏముందో. ఎంత పడింది?"

బుడగలాయన దూది వైపే చూశాడు. "పద్దెనిమిది."

"అయితే పోయాడు." పోస్టుమ్యాన్ గొంతులో కోపం లేదు. ఖాళీ చేత్తో పెన్సిలు తీసుకుని, మిగిలిన రెండు గీతలూ నిదానంగా కొట్టేశాడు. "నువ్వు అబద్ధమాడితే బతికినవాణ్ణి నేనేం చేసుకోను? వంతెన మీద నిలబడ్డాడు, పోయాడు. బాగానే పోయాడు."

"మీరు శనివారం రావాలండీ," అన్నాడు బుడగలాయన. "ఆట లేకపోయినా సరే."

పోస్టుమ్యాన్ లేచి మంచం దిగాడు. చెప్పులేసుకుంటూ, "ఖాళీ కాగితం ఒకటుంటే ఇవ్వు," అన్నాడు. ఇచ్చాడు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇంటి సామాన్ల జాబితా రాసుకోవడానికేమో అనుకున్నాడు బుడగలాయన.

శుక్రవారమంతా ఆయనకి అన్నం సహించలేదు. తన నోటితోనే చంపేశానని, ఏడన్న మాటనే పట్టుకుని ఉండాల్సిందని వందసార్లు అనుకున్నాడు. శనివారం ఆరింటికి మూడో మంచం ఖాళీ. ఏడింటికీ ఖాళీయే. ఏడుంబావుకి ఫోన్ చేశాడు. పోస్టుమ్యాన్ భార్య ఎత్తింది.

"నిన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయారు నాయనా. గుండె ఆగిందట. గురువారం వచ్చీ రాగానే శనివారానికి సంచి సర్దుకున్నారు. ఎప్పుడూ నేను సర్దేదాన్ని. మీ దుప్పటి ఒకటి అందులో ఉంది, అబ్బాయితో పంపిస్తాను."

వస్తాననే సర్దుకున్నాడన్నమాట. బుడగలాయనకి ముందు ఊరట కలిగింది. ఆ వెంటనే ఊరట కలిగినందుకు సిగ్గేసింది. ఫోన్ పెట్టేసి, మిగిలిన ఇద్దరికీ చెప్పి, వాళ్ల గొట్టాలు మూడేసిసార్లు తట్టి చూశాడు. ఆ రోజు ఎవరూ పాచిక అడగలేదు.

పదింటికి పోస్టుమ్యాన్ కొడుకు వచ్చి దుప్పటి ఇచ్చి వెళ్లాడు. మూడో మంచం మీద పరుద్దామని విప్పితే మడతలోంచి ఆ కాగితం పడింది. పైన గుండ్రటి అక్షరాల్లో, వృత్తి: వైద్యుడు అని రాసి ఉంది. దాని కింద పెన్సిలుతో పన్నెండు గీతలు, ఒక్కటీ కొట్టేసి లేదు.