రెండో గుక్క

బావ కొట్టులోంచి బయటికొచ్చిన రోజున గుక్కయ్య దగ్గర ఒక ఓపెనరూ, ఒక నాలుకా ఉన్నాయి. వాటితో పాటు నలుగురి ముందు పడ్డ మాట ఒకటి ఉంది. ఓపెనర్ ఎక్కడైనా దొరుకుతుంది. నాలుక అందరికీ ఉన్నదే, కాకపోతే అతనిది కాస్త ఆరితేరిన నాలుక. అసలు పెట్టుబడి మాత్రం ఆ మాటే. కోపమొస్తే అప్పటికప్పుడు అరిచేసి ఖర్చు పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. గుక్కయ్య ఆ రకం కాదు. మూటకట్టి, చల్లటి చోట దాచి, ధర పెరిగేదాకా ఆగుతాడు.

ఒకప్పుడు బావది రంగుల కొట్టు. గోడలకు వేసే రంగుడబ్బాలు పేర్చుకుని ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు. గుక్కయ్యేమో ఓడరేవు గోదాములో పని. దింపుడులో పగిలిన పెట్టెల్లోంచి మిగిలిన బీరు సీసాలు పనివాళ్ళు తలా ఒకటి పంచుకునేవాళ్ళు. అందరూ గటగటా తాగి మూతి తుడుచుకుంటే ఇతను మాత్రం ఒక్క గుక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పేరు అలా వచ్చింది. ఒక దేశపు గోధుమ బీరులో ధనియాలూ బత్తాయి తొక్కా తగులుతాయి, ఇంకో దేశపు నల్ల బీరులో మాడిన రొట్టె తగులుతుంది, ఎక్కడో ఇద్దరన్నదమ్ములు పాత పశువుల పాకలో కాచే బీరులో దోరజామ వాసన వస్తుంది. ఒక్కొక్కటీ తనే కనిపెట్టి గుర్తుపెట్టుకున్నాడు.

"రంగులు డబ్బాల్లోనే ఎండిపోతున్నాయి బావా. బీరు పెడదాం. అందరూ అమ్మేది కాదు, ఎవరూ ఎరగనిది పెడదాం," అన్నది అతనే.

కొట్టు బావది, నాలుక బావమరిదిది. వ్యాపారం పుంజుకుంది. వచ్చినవాళ్ళను ఏ బీరు కావాలని గుక్కయ్య ఎన్నడూ అడగలేదు. "కాఫీలో చక్కెర వేసుకుంటారా? నారింజ తొనల మీద తెల్లటి పీచు తీసేసి తింటారా, ఉంచుకునే తింటారా?" అని అడిగేవాడు. పీచుతో తినేవాళ్ళ చేతిలో చేదు బీరు పెట్టేవాడు, చక్కెర వద్దనేవాళ్ళ చేతిలో నల్ల బీరు. తప్పేది తక్కువ. ఇంకా అనుమానపడేవాళ్ళ ఎదుట తనే సీసా తెరిచి ఒక గుక్క తాగేవాడు. బాగుంటే రెండో గుక్క తాగుతాడు. బాగాలేకపోతే సరుకు తమదే అయినా గ్లాసు కింద పెట్టేస్తాడు. రెండో గుక్క పడిందంటే ఇక బేరమాడేవాళ్ళు లేరు.

బావ ఇదంతా చూశాడు. గుక్కయ్య చెప్పే మాటలన్నీ అందమైన చీటీల మీద అచ్చు వేయించి సీసాల మెడలకు కట్టించాడు. చివరి చీటీ కట్టిన సాయంత్రమే, కొట్టు నిండా జనం ఉండగా, గొంతు పెంచాడు.

"ఒరేయ్, ఇక నువ్వు రానక్కర్లేదు. చీటీలు మాట్లాడతాయి."

"మరి నా వాటా బావా?"

"వాటానా! ఇన్నాళ్ళూ గుక్కలు గుక్కలుగా తాగేసింది ఏంటనుకున్నావు? ఇంటివాడివి కదా అని తాగుబోతు వెధవని భరించాను. బావమరిది బతకగోరతాడంటారు. వీడు బీరుగోరతాడు!"

జనం గొల్లున నవ్వారు. పొద్దున 'గుక్కయ్య గారూ' అన్న నోళ్ళే. సరుకు దింపడానికొచ్చిన టోకు వ్యాపారి కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. గుక్కయ్య ఎవరెవరు నవ్వారో ఒక్కసారి చూసుకుని మెట్లు దిగాడు.

వెనకసందులో చెప్పులు కుట్టేవాడు ఖాళీ చేసిన గది ఒకటి ఉంటే, బీరు అమ్ముకోవడానికి అద్దెకు తీసుకున్నాడు. దానికి కిటికీ లేదు. "ఈ గుహలోకి ఎవడొస్తాడయ్యా?" అని గది యజమానే జాలిపడ్డాడు. గుక్కయ్యకు కావలసింది గుహే. ఎండకూ బీరుకూ పడదు. ఆకుపచ్చ సీసాను అద్దాల కిటికీలో పెట్టడమంటే పాలగిన్నెను పిల్లికి అప్పజెప్పడమే. బావ కొట్టుకు వీధివైపంతా అద్దమే. ఖరీదైన విదేశీ సీసాలన్నీ అందులో, ఎండకు ఎదురుగా, ధగధగా మెరుస్తూ ఉంటాయి. గుక్కయ్య ఉన్నన్నాళ్ళూ వాటిని లోపలికి మార్చేవాడు, బావ మళ్ళీ ముందుకు తెచ్చేవాడు. ఇప్పుడు మార్చేవాడు లేడు.

ఆ వారమే అక్క వచ్చింది. గది చుట్టూ చూసి పెట్టె మీద కూర్చుంది.

"ఆయన నోటి సంగతి నీకు తెలీనిదా? ఇంటికొచ్చి తిను."

"తింటానక్కా. ముందు ఆ మాట వెనక్కి తీసుకోమను. అన్నచోటే, అందరి ముందూ."

"ప్రాణం పోయినా తీసుకోడు."

"అయితే నాకు ఆకలిగా లేదు."

"ఇద్దరూ ఇద్దరే. ఒక్క రోకలికి రెండు చివర్లు!" అని లేచి వెళ్ళిపోయింది.

గుక్కయ్య బావ గురించి ఎవరి దగ్గరా చెడుగా మాట్లాడలేదు. తిట్టేవాడి మాటకు విలువ తగ్గుతుందని అతనికి తెలుసు. కాచుకుని కూర్చున్నాడు. కాచుకున్నది నడుచుకుంటూ వచ్చింది, కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడ రూపంలో. ఆవిడ చేతిసంచిలో సగం తాగిన సీసా ఉంది, మెడకు బావ చీటీతో సహా.

"గుక్కయ్య గారూ, ఈ మాటలు మీవే కదా? బత్తాయి తొక్క వాసన అని రాసుంది. నాకేమో కాలిన రబ్బరు వాసన కొడుతోంది. నా ముక్కు చెడిందంటారా?"

గుక్కయ్య ఆ సీసాను ముట్టుకోలేదు. తన దగ్గరున్న అదే రకం సీసా తెరిచి గ్లాసులో పోసి ఇచ్చాడు. ఆవిడ వాసన చూసి ఆగిపోయింది.

"ఇదీ అదీ ఒకటేనా?"

"ఒక తల్లి బిడ్డలేనండి. ఒకటి నీడలో పెరిగింది, ఇంకొకటి ఎండలో నిలబడింది. అంతే తేడా."

"అంటే మీ బావగారు మోసం చేశారా?"

"అయ్యో, అంత మాటెందుకండీ. ఆయన అద్దంలో పెట్టారు, మీరు అద్దంలోంచి తీసుకున్నారు. ఈసారి లోపలి అరలోది అడగండి. సీసా అడుగున చిన్న అంకెలుంటాయి, తయారైన తేదీ. చేదు బీరైతే తాజాగా ఉండాలి, నల్లదైతే కొంచెం ముదిరినా ఫరవాలేదు. మీరు ఆ కొట్టుకే వెళ్ళండి, మానకండి."

అది విన్నవాళ్ళు ఎంత మంచివాడో అనుకుంటారు. ఆవిడా అలాగే అనుకుంది. అనుకుని, తన దుకాణంలోని భూతద్దం వెంటపెట్టుకుని మరీ బావ కొట్టుకు వెళ్ళింది.

ఆవిడ ఒక్కతే అయితే బావ ఓర్చుకునేవాడు. ఆవిడ దగ్గర కళ్ళు పరీక్ష చేయించుకునేవాళ్ళందరికీ అక్షరాల పట్టికతో పాటు ఈ పాఠమూ చెప్పింది. గుక్కయ్య కూడా గదికి వచ్చినవాళ్ళకి బీరుతో పాటు ఇదే చెప్పి పంపేవాడు: నీడా, తేదీ, లోపలి అర. ఒక్క అబద్ధం ఆడలేదు. కొద్దిరోజులకే బావ కొట్టులో జనం సీసాలు తలకిందులు చేసి చూడడం మొదలుపెట్టారు.

"ఏంటండీ అలా చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి చూస్తారు?"

"తేదీ ఎక్కడుందా అని."

"తేదీతో పనేంటండీ, చీటీ చదవండి!"

"చదివాం కాబట్టే చూస్తున్నాం."

చీటీలో దోరజామ అని ఉంటుంది, గ్లాసులో తడిసిన అట్టపెట్టె రుచి ఉంటుంది. ఏ మాటలు దొంగిలించి కట్టాడో ఆ మాటలే సీసా సీసాకూ బావ మీద సాక్ష్యం చెప్పసాగాయి. గుక్కయ్యకు అది తలుచుకుంటే నిద్ర కమ్మగా పట్టేది. తన గదిలోనూ పాతబడ్డ సీసాలు దొరికేవి. వాటిని జనం చూస్తుండగా కాలువలో పోసేవాడు. పోసింది కొద్ది, దానికి తిరిగొచ్చిన నమ్మకం కొండంత. టోకు వ్యాపారి ఇప్పుడు ముందు వెనకసందుకే వస్తున్నాడు, నవ్వకుండా.

అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి పెట్టె మీద కూర్చోలేదు.

"ఆయన అద్దంలో సరుకంతా పారబోశాడు. ఉన్నదంతా ఊడ్చి కొత్తది తెప్పించాడు. చల్లటి అలమర కొన్నాడు. అయినా ఎవరూ ముట్టుకోవడం లేదురా. ఆదివారం మధ్యాహ్నం అందరినీ పిలుస్తున్నాం. నువ్వొచ్చి రుచి చూడు. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పు."

"బాగుంటే?"

"బాగుంటే నీకు తెలుసుగా ఏం చేయాలో. ఆ గుక్క మీద మా ఇల్లు నిలబడి ఉంది."

ఆదివారం గుక్కయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. కొట్టు నిండుగా ఉంది. ఆనాడు నవ్వినవాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు. బావ అతన్ని చెయ్యి పట్టుకుని వెనకగదిలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"తప్పయిపోయిందిరా. ఏదో నోరు జారాను."

"ఇక్కడ వినేదెవరు బావా? ఈ చల్లటి అలమరా?"

"ఇంకేం చేయమంటావు?"

"బయట జనం ఉన్నారు. అక్కడ అను. తాగుబోతు కాదు, నా కొట్టు నిలబెట్టినవాడు అను. చాలు."

బావ గోడవైపు చూశాడు. దవడ ఒకసారి కదిలింది. "ముందు నువ్వు రుచి చూడు. తర్వాత చూద్దాం."

'చూద్దాం' అనే మాటకు బేరంలో ఏం విలువ ఉంటుందో గుక్కయ్యకు బావే నేర్పాడు.

బయటికొచ్చారు. బావ పశువుల పాక అన్నదమ్ముల బీరు తెరిచి గ్లాసులో పోశాడు. తెల్లటి నురగ చిక్కగా లేచింది. గుక్కయ్య ఆ బీరు చెడిపోయి ఉండాలని మనసులో వెయ్యి దేవుళ్ళకు మొక్కుతూ గ్లాసు ఎత్తాడు.

చెడిపోలేదు. అలాంటి బీరు అతను ఈమధ్య తాగనే లేదు. జామతోట పక్కనే ఎవరో పచ్చిగడ్డి కోస్తున్నట్టు వాసన. చేదు నాలుక చివర నిలబడి, పలకరించి, మర్యాదగా వెళ్ళిపోయింది. గొంతు తనంతట తనే రెండో గుక్క అడిగింది. గుక్కయ్య తలెత్తాడు. బావ ముఖం చూశాడు. ఆ ముఖంలో ఇంకా మాట వెనక్కి తీసుకునే జాడ లేదు, గెలుస్తానన్న ఆశ మాత్రం ఉంది.

గుక్కయ్య గ్లాసు కింద పెట్టాడు.

మూతి తుడుచుకున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడ చేతిసంచి మూసుకుంది. "మళ్ళీ వస్తామండీ," అంటూ ఒకరి తర్వాత ఒకరు మెట్లు దిగారు. మళ్ళీ వచ్చేవాళ్ళు అలా అనరు. బావ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

అందరూ వెళ్ళాక అక్క ఆ గ్లాసు తీసుకుంది. కొంచెం తాగింది. ఆగింది. మిగిలిందంతా తాగేసి గ్లాసు బోర్లించింది.

"ఇంకో గుక్క తాగాల్సిందిరా నువ్వు."

"బావ ఇంకో మాట అనాల్సింది."

"ఆయన అనడని తెలిసే వచ్చావు," అంది అక్క. ఏడవలేదు. తమ్ముడివైపు ఒక కొత్త సరుకును చూసినట్టు చూసింది.

నెల తిరగకుండానే కొట్టు మూతపడింది. కొత్త సరుకునంతా టోకు వ్యాపారి వెనక్కి తీసుకుని వెనకసందుకు తెచ్చాడు. "నువ్వే కాదన్నాక దీన్నెవరు కొంటారయ్యా? సగం ధరకు తీసుకో," అన్నాడు. గుక్కయ్య కాసేపు మొహం చిట్లించి, ఇంకొంచెం తగ్గించి, మొత్తం తీసుకున్నాడు. వచ్చినవాళ్ళ ఎదుట తెరిచి ఒక గుక్క తాగాడు, రెండోదీ తాగాడు. మూడోది తాగాలని ఉన్నా ఆపుకున్నాడు.

"ఆ రోజు ఇదే కదండీ మీరు కింద పెట్టేసింది?" అంది కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడ.

"ఆ సీసా ఎక్కడో దెబ్బతిన్నట్టుందండీ. ఒక్కోసారి అలా..."

గుమ్మంలో నీడ పడింది. అక్క. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. లోపలికొచ్చి ముక్కాలిపీట జరుపుకుని, ఆవిడ పక్కనే కూర్చుంది.

"తమ్ముడూ, ఆ రోజు నీ గ్లాసులో మిగిలింది నేనే తాగానుగా. ఎలా ఉందో ఈవిడకి చెప్పనా?"

గుక్కయ్య నోట్లో తడి ఆరిపోయింది. బీరు అమ్మేవాడికి ఎన్నడూ జరగకూడనిది అది.

"కూర్చో అక్కా, కూర్చో. ఏదైనా పుచ్చుకుంటావా?"

"పుచ్చుకోవడానికే వచ్చాను," అంది అక్క. "సగం."

కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడకు అది గ్లాసు సంగతేమో అనిపించింది. గుక్కయ్యకు అలా అనిపించలేదు. ఒకే ఇంట్లో పుట్టారు, ఒకే తండ్రి దగ్గర బేరం నేర్చుకున్నారు. అక్క ధర చెప్పిందంటే దిగదు. "సగమే," అన్నాడు చివరికి. ఆ సాయంత్రమే ఆమె కౌంటరు దగ్గర కూర్చుంది. వచ్చినవాళ్ళను కాఫీలో చక్కెర సంగతి అడగడం వారంలో పట్టేసింది.

లెక్క చూసుకుంటే తేలినది ఇదీ. బావ కొట్టు పోయింది. గుక్కయ్య కొట్టు సగమైంది. తాగుబోతన్న మాట బావ వెనక్కి తీసుకోలేదు, ఇక తీసుకోడు కూడా. జీవితంలో ఎన్నడూ అబద్ధం ఆడనివాడి ఖాతాలో ఒకటి పడింది, దానికి సాక్షి రోజూ పక్కనే కూర్చుని చిల్లర ఇస్తుంది. ఇవన్నీ ఖర్చు. జమ వైపు ఉన్నది ఒక్కటే. పొద్దుగూకాక అక్క తన భాగం తీసుకుని ఇంటికెళ్తుంది. దాంతోనే పొయ్యి వెలుగుతుంది. బావ పళ్ళెం ముందు కూర్చుంటాడు. ఆ తిండి ఏ తాగుబోతు వెధవ నాలుక సంపాదించిందో ముద్ద ముద్దకీ అతనికి తెలుసు, అయినా మింగాలి. రేపూ మింగాలి. గుక్కయ్య రెండు వైపులా మళ్ళీ మళ్ళీ కూడి చూసుకున్నాడు. ఎన్నిసార్లు కూడినా లాభమే తేలింది.